మానిటర్ కింది పుస్తకం

రెండేళ్ల పాటు ఆ పుస్తకం నాకు చేసిన ఉపకారం ఒక్కటే, మానిటర్‌ని రెండంగుళాలు పైకి లేపడం. అక్క నా పుట్టినరోజుకిచ్చింది. బొద్దుగా, గట్టి అట్టతో, ఆ అట్ట మీద పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్న డాక్టరుతో ఉంటుంది. డైట్ పుస్తకాలంటే నాకు మొదట్నుంచీ చిరాకు. నేను ప్రూఫ్ రీడర్ని. ఊళ్లోవాళ్ల రాతల్లో తప్పులు వెతకడమే పద్దెనిమిదేళ్లుగా నా బతుకుతెరువు. అలాంటి పుస్తకాలు నాలుగైదు నా బల్ల మీదుగా వెళ్లాయి. అన్నిటిదీ ఒకటే వరస. మొదటి అధ్యాయంలో రచయితకి జబ్బు చేస్తుంది, రెండో అధ్యాయంలో జ్ఞానోదయమవుతుంది, మూడో అధ్యాయం నుంచి మనల్ని తిట్టడం మొదలుపెడతాడు.

అలాంటిదాన్ని ఆఖరికి నేనెందుకు తెరిచానంటే, రక్తపరీక్షలో ఎల్‌డీఎల్ 164 అని వచ్చింది. చెడ్డ కొలెస్ట్రాల్ అంటారే, అది. వంద లోపు ఉంటే మంచిది, 160 దాటితే ఎక్కువ కిందే లెక్క. "మూడు నెలలు తిండి మార్చి చూడండి, దిగకపోతే మాత్ర మొదలుపెడదాం" అన్నారు డాక్టరు, వానొస్తే గొడుగేసుకుందాం అన్నంత తేలిగ్గా. ఆవిడకి తేలికే. నాన్నకి 52వ ఏట గుండెకి స్టెంట్ వేసినరోజు థియేటర్ బయట కుర్చీలో కూర్చున్నది నేను. నాకిప్పుడు 44. తీసివేతలు వచ్చిన ఎవరికైనా టెన్షన్ పుడుతుంది.

ఆ రాత్రి నిద్రపట్టక మానిటర్ కింద నుంచి పుస్తకం లాగాను. (మానిటర్ కిందికి దిగిపోవడంతో తర్వాత వారమంతా మెడనొప్పి. అదీ ఆ పుస్తకం ఖాతాలోనే రాశాను.) చేతిలో పెన్సిల్ లేకుండా చదవడం నాకు రాదు కాబట్టి పెన్సిలూ పట్టుకున్నాను. మొదటి యాభై పేజీల్లో అనుకున్నట్టే జబ్బు, జ్ఞానోదయం, తిట్లు అయ్యాయి. నాలుగో అధ్యాయంలో మాత్రం పెన్సిల్ ఆగిపోయింది.

అక్కడ రచయిత బోధన మానేసి, కొలెస్ట్రాల్ ఒంట్లో ఎలా తిరుగుతుందో చెప్పాడు. లివర్ కొలెస్ట్రాల్‌తో పైత్యరసం తయారుచేస్తుంది. అది పేగుల్లోకి వచ్చి కొవ్వు అరగడానికి సాయపడి, చాలావరకు మళ్లీ లివర్‌కే వెళ్లిపోతుంది. అద్దె గిన్నెల్లాగా, వాడుకోవడం, తిరిగివ్వడం. ఓట్స్, చిక్కుడుజాతి గింజలు, పండ్లలో ఉండే కరిగే పీచు ఈ గిన్నెల్ని దారిలోనే పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. లివర్ లెక్క చూసుకుంటే గిన్నెలు తక్కువ. కొత్తవి చేసుకోవాలంటే ముడిసరుకు కావాలి, ఆ ముడిసరుకుని రక్తంలోంచి లాక్కుంటుంది. మరోవైపు వెన్న, చీజ్, మాంసాల్లోని సంతృప్త కొవ్వు లివర్ అలా లాక్కునే పనికే అడ్డం పడుతుంది. ఈ రెండు పేజీలూ మూడుసార్లు చదివాను. కామా తప్పు కూడా లేదు. నన్ను పడగొట్టింది ఆ రెండు పేజీలే. మిగతా పుస్తకం మీద కోపం వచ్చినప్పుడల్లా వాటిని గుర్తుచేసుకుని ఊరుకున్నాను.

పుస్తకం పెట్టిన షరతు: 21 రోజులు జంతువు నుంచి వచ్చిందేదీ నోట పెట్టకూడదు. మాంసం, చేపలు, గుడ్లు, పాలు, పెరుగు, వెన్న, చీజ్, తేనె. మాంసం నేను నెలకోసారి తింటే గొప్ప. కాబట్టి అది త్యాగం కిందికి రాదు. పాలు వేరు. పొద్దున లేచి పాలు పోసిన కాఫీ తాగితేగాని నేను మనిషిని కాను. పెరుగు సంగతి తర్వాత చెప్తాను.

పొద్దున్నే ఇంట్లో ప్రకటించాను. "మాకు కూడానా?" అన్నారు మా ఆయన, చేతిలోని ఆమ్లెట్ వైపు చూసుకుంటూ.

"మీకెందుకు, నాకొక్కదానికే."

"అయితే మంచి నిర్ణయం" అన్నారు వెంటనే.

మా అమ్మాయికి పదిహేనేళ్లు. అది ఫోన్లోంచి తలెత్తకుండా, "వీగన్ అంటే వెజిటేరియన్ స్పెల్లింగ్ తప్పా అమ్మా?" అంది. ఎగతాళికే అడిగినా, వెతికితే అది నిజానికి దగ్గరగానే ఉంది. 1944లో బ్రిటన్‌లో డొనాల్డ్ వాట్సన్ అనే ఆయన, పాలు, గుడ్లు కూడా ముట్టని శాకాహారులకి ఒక పేరు కావాలని, వెజిటేరియన్ అనే మాటలోని మొదటి మూడు ఇంగ్లీషు అక్షరాలూ చివరి రెండూ తీసుకుని వీగన్ అని పెట్టారు. మధ్యలోవన్నీ కొట్టేశారు. ఎడిటింగ్ పని చేసేదాన్ని కాబట్టి ఆయన మీద నాకు తక్షణం గౌరవం కలిగింది.

మొదటిరోజు ఉదయం సోయా పాల ప్యాకెట్ తెరిచాను. కాఫీ చిక్కగా, పొగలు కక్కుతోంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సోయా పాలు అందులో పోశాను. ఒక్క క్షణం బాగానే ఉంది, మబ్బులాగా తెల్లగా పైకి లేచింది. తర్వాత ఆ మబ్బు ముక్కలైంది. ముక్కలు చిన్న చిన్న ఉండలై, కొన్ని అడుక్కి దిగి, కొన్ని గోధుమరంగు నీళ్ల మీద తేలుతూ, చెంచాతో తిప్పితే ఇంకా చిన్నవయ్యాయి తప్ప కలవలేదు. పాలు పాడైపోయాయనుకుని పారబోసి ఇంకో ప్యాకెట్ తెరిచాను. అదే కథ. మూడో కప్పు నల్లకాఫీ తాగేసి, చేదుతో ముడుచుకున్న మొహంతోనే పనికి కూర్చున్నాను.

పాలలో దోషం లేదు. కాఫీకి కాస్త పులుపు గుణం ఉంటుంది. వేడి, పులుపు రెండూ ఒకేసారి తగిలితే సోయా ప్రొటీన్ గడ్డకడుతుంది. టోఫు చేసేవాళ్లు కావాలని చేసే పని కూడా దాదాపు ఇదే, సోయా పాలని విరగ్గొట్టడం. అంటే ఆ ఉదయం నేను వరసగా రెండుసార్లు కప్పులో టోఫు తయారుచేశానన్నమాట. మందు ఏమిటంటే, పాలని ముందు వేడిచేసి కప్పులో పోసుకోవాలి, కాఫీని కొద్దిగా చల్లారనిచ్చి దానిలోకి మెల్లగా వంచాలి. పుల్లటి రకం కాఫీ గింజలు మానాలి. నాలుగు రోజులకి పట్టు దొరికింది. తర్వాత ఓట్ పాలకి మారాను, అవి ఇంత మారాం చెయ్యవు. ఈ ప్యాకెట్ల గురించి ఇంకోటి: వీటిలో క్యాల్షియం విడిగా కలుపుతారు, అది అడుగున పేరుకుంటుంది. నేను వారం రోజులు కుదపకుండా పోసుకుని, ఖాళీ ప్యాకెట్ కత్తిరించి చూస్తే అడుగున తెల్లటి ముద్ద. ఆ వారం నా క్యాల్షియమంతా చెత్తబుట్ట తింది.

రెండోరోజు నుంచి లేబుళ్లు. ఇది నా రాజ్యం. ఆరు పాయింట్ల అక్షరాలు చదవడానికి నాకు జీతమిస్తారు. ఇంట్లో ఉన్న డబ్బాలు, ప్యాకెట్లు అన్నీ బల్ల మీద పోసి భూతద్దం పట్టుకుని కూర్చుంటే, ఎక్కడ చూసినా పాలే. బ్రెడ్‌లో పాలపొడి, చిప్స్ మీది మసాలాలో వే పౌడర్ (పాల విరుగుడు నీళ్ల పొడి), "పాలు లేని క్రీమ్" అని పెద్దక్షరాల్లో రాసుకున్న కాఫీ పొడిలో వెనకవైపు చిన్నక్షరాల్లో కేసినేట్. కేసినేట్ అంటే పాలలోని ప్రొటీనే, వేషం మార్చుకుంది అంతే. మా అమ్మాయి ఎర్రటి జెల్లీ మిఠాయిలో ఇ120 ఉంది. అది కోకినీల్ అనే పురుగుల నుంచి తీసిన రంగు. ఆ మాట పైకి చదివితే అది ప్యాకెట్ నా చేతుల్లోంచి లాక్కుని, "తెలియనప్పుడు బాగుంది, ఇప్పుడూ బాగుంటుంది" అని ఒకటి నోట్లో వేసుకుంది. నేను వేసుకునే విటమిన్ డి3 గొర్రె బొచ్చులోని కొవ్వు నుంచి తయారైందట, దాని క్యాప్సూల్ తొడుగు జెలటిన్, అంటే జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. మాత్ర కూడా ఓడిపోయిందే అనిపించింది.

ఇంత వెతికాక ఏవి మిగిలాయంటే, నమ్మరు, రెండురకాల క్రీమ్ బిస్కెట్లు, బంగాళాదుంప చిప్స్ ఒక రకం. వాటిలో జంతువు పేరెత్తడానికి లేదు. మొదటి వారం వాటిని బాగానే తిన్నాను, ధర్మబద్ధంగా. తర్వాత ఎందుకో కొవ్వుల వరస చూస్తే పామాయిల్, కొబ్బరినూనె. కొబ్బరినూనెలో సంతృప్త కొవ్వు వెన్నలో కంటే ఎక్కువ. నేను ఈ తంటా పడుతున్నదే ఆ కొవ్వు తగ్గించడానికి! మొక్క నుంచి వస్తే చాలు అనుకుంటే చక్కెర, మైదా, చిప్స్ అన్నీ పుణ్యాత్ములే. పుస్తకంలో ఈ ముక్క ఉంది, కాదనను, 190వ పేజీలో బ్రాకెట్ల మధ్య.

ఐదోరోజు కడుపు సంగతి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. శనగలు, రాజ్మా ఒక్కసారిగా మూడింతలు చేస్తే ఏమవుతుందో అదే అయింది. ఆన్‌లైన్ మీటింగ్‌లో మైక్ ఆపి ఉందో లేదో ఆరుసార్లు చూసుకున్నాను. రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోసి వండితే నయం. పీచు మెల్లగా పెంచాలని ముందే చెప్పొచ్చుగా ఆ నవ్వే డాక్టరు!

ఇక పెరుగు.

చీజ్ లేకపోతే ఏమీ అనిపించలేదు, నాకే ఆశ్చర్యం. గుడ్డు గుర్తే రాలేదు. పెరుగు మాత్రం కల్లోకి వచ్చింది, మాటవరసకి కాదు, నిజంగానే. తొమ్మిదోరోజు రాత్రి పదకొండున్నరకి నీళ్లకని వంటింట్లోకి వెళ్లాను. ఫ్రిజ్ తీశాను. మా ఆయన కోసం పెట్టిన గిన్నె, పైన మూత. మూత తీస్తే మీగడ కట్టి, ఒక పక్క చెంచా పెట్టి తీసిన గుంట, ఆ గుంటలో కాస్త నీరు ఊరి ఉంది. చెంచా కోసం చూడకుండా వేలితో తీసుకున్నాను. చల్లగా, పుల్లగా, నాలుక కింద కరిగింది. రెండోసారి చెంచాతో. మూడోసారికి వెనక లైటు వెలిగింది.

"అమ్మా, మన ఇంట్లో మనమే దొంగతనం చేస్తే కేసవుతుందా?"

దానికి జవాబు చెప్పలేదు. మూత పెట్టి, చెంచా కడిగి, వెళ్లి పడుకున్నాను. పడుకున్నానే గాని సిగ్గు. ఏడేళ్ల పిల్ల పడే సిగ్గు. పాల ప్రొటీన్ అరిగేటప్పుడు మత్తుమందులాంటి పదార్థం పుడుతుందనీ, అందుకే వదల్లేమనీ పుస్తకంలో ఉంది. నేను మత్తుకి బానిసనా అని అర్ధరాత్రి ఆలోచించాను. అలాంటి ముక్కలు పుడతాయన్నది నిజమే. అవి మనిషిని చీజ్‌కో పెరుగుకో బానిసని చేస్తాయనడానికి సరైన రుజువు లేదు. ఇది తెల్లారాక వెతికి తెలుసుకున్నది. రాత్రి మాత్రం నమ్మేశాను.

ఆ మర్నాడు నాలోని ప్రూఫ్ రీడర్ నిద్రలేచింది. ఒక్క చోట బొంకినవాడు ఇంకోచోట బొంకడా అని, పుస్తకం చివర ఉన్న ఆధారాల పట్టిక పట్టుకున్నాను. ఐదో అధ్యాయమంతా ఒక పరిశోధన మీద నిలబడి ఉంది. డీన్ ఆర్నిష్ అనే అమెరికన్ డాక్టరు బృందం 1990లో లాన్సెట్ వైద్య పత్రికలో వేసినది. ధమనులు పూడుకుపోయిన గుండె రోగులు 48 మందిని తీసుకుని, 28 మందిని ఒక కొత్త జీవన విధానంలో పెట్టి, 20 మందికి మామూలు వైద్యం కొనసాగించారు. ఏడాది తర్వాత కొత్త పద్ధతిలో ఉన్నవాళ్లకి ధమనుల పూడిక సగటున 40.0 శాతం నుంచి 37.8కి తగ్గింది. మిగతావాళ్లకి 42.7 నుంచి 46.1కి పెరిగింది. అంకెలు పుస్తకంలో సరిగ్గానే ఉన్నాయి. మొక్కల తిండి ధమనుల్ని తెరిచిందని దాని మీద ఒక పెద్ద జెండా పాతాడు రచయిత.

అసలు వ్యాసం తెరిచి చదివితే, ఆ 28 మంది తిండితోపాటు సిగరెట్లు మానారు, వ్యాయామం చేశారు, మనసు కుదుటపడే సాధనలు చేశారు. ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పడం కుదరదు. సరే, అదొకటి. తిండి వివరాల దగ్గరికొచ్చేసరికి నా పెన్సిల్ ములుకు విరిగింది. కొవ్వు బాగా తగ్గించిన శాకాహారం, అందులో గుడ్డు తెల్లసొనకి అనుమతి ఉంది, రోజుకో కప్పు వెన్న తీసిన పాలు లేదా పెరుగుకీ ఉంది.

పెరుగు!

రాత్రంతా నేను సిగ్గుతో చచ్చింది దేనికోసమో అది, ఈ మతానికి మూలగ్రంథంలోనే, కప్పు లెక్కన రాసి ఉంది. (వెన్న తీసినదని మా ఆయన గుర్తుచేశారు. నేను తిన్నది మీగడ. వివరాలు ఆయనకెందుకు.)

కోపంలో పుస్తకం మళ్లీ మానిటర్ కిందికి వెళ్లిపోవాల్సింది. ఎందుకు పంపలేదో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. తప్పులు పట్టడం మొదలయ్యాక నాకు ఈ పని మీద ఇష్టం పుట్టిందనుకుంటా. భక్తురాలిగా ఉన్న పదిరోజులూ భయంభయంగా గడిచాయి. ఎడిటర్‌గా మారాక తిండి మీద ఆసక్తి పెరిగింది. పేజీ పేజీకీ పెన్సిల్ గీతలు. క్యాల్షియం పట్టికలో పాలకూరని పైన కూర్చోబెట్టాడు, అందులో ఉన్నది నిజమే, కానీ క్యాల్షియాన్ని పట్టి ఉంచే ఆక్సలేట్ల వల్ల వందలో ఐదు వంతులే ఒంటబడుతుంది. క్యాబేజీ జాతి ఆకుల్లో అంకె చిన్నదైనా ఒంటబట్టేది ఎక్కువ. ఇంకో పేజీలో ఏ గింజని దేనితో కలిపి ఒకే పూట తింటే ప్రొటీన్ పూర్తవుతుందో పెద్ద పటం. ఆ సిద్ధాంతాన్ని 1971లో జనంలోకి తెచ్చిన ఫ్రాన్సిస్ మూర్ లాపే, పదేళ్ల తర్వాత తన పుస్తకం కొత్త ముద్రణలో అంత లెక్క అక్కర్లేదని తనే దిద్దుకున్నారు. రోజు మొత్తంలో రకరకాలు తింటే సరిపోతుంది. తన తప్పుని తనే అచ్చేసుకున్న రచయిత్రి! నా వృత్తిలో ఇలాంటివాళ్లకి గుడి కట్టాలి.

అన్నిటికన్నా పెద్ద తప్పు మాత్రం చెప్పినదాంట్లో కాదు, చెప్పిన చోటులో. బి12 గురించి 260వ పేజీలో ఒక్క పేరా. అది మొదటి పేజీలో, ఎర్రక్షరాల్లో ఉండాల్సింది. బి12ని తయారుచేసేది బ్యాక్టీరియా, మొక్కలు కావు. పూర్తి వీగన్లు దాన్ని మాత్రగానో, విడిగా కలిపిన ఆహారంగానో తీసుకోవాల్సిందే. కావాల్సింది రోజుకి రెండున్నర మైక్రోగ్రాములకి కాస్త అటూఇటూ, అంటే కంటికి కనపడనంత. కానీ లోపిస్తే రక్తం, నరాలు రెండూ దెబ్బతింటాయి. లివర్‌లో నిల్వ ఉంటుంది కాబట్టి ఏళ్ల తరబడి తెలియకపోవచ్చు, అదే దాని ప్రమాదం. నేను డాక్టర్నడిగి మాత్ర మొదలుపెట్టాను, జెలటిన్ లేనిది.

పుస్తకంలో లేని ఒక్క సంతోషం మా అమ్మాయి తెచ్చింది. ఉడికించిన శనగల నీళ్లు పారబోస్తుంటే ఆపి, గిన్నెలో పోసి మిక్సర్ పెట్టింది. పది నిమిషాలు ఏమీ కాలేదు, పలచటి పసుపు నీళ్లు చుట్టూ చిమ్మాయి. తర్వాత నురగ తెల్లబడింది, చిక్కబడింది, చివరికి గిన్నె తిరగేసినా జారలేదు. అచ్చం గిలక్కొట్టిన తెల్లసొన. 2014లో ఫ్రాన్స్‌లో జోయెల్ రోసెల్ అనే ఆయన కనిపెట్టాడట, తర్వాతి సంవత్సరం అమెరికాలో ఇంకొకాయన దానికి ఆక్వాఫాబా అని పేరు పెట్టాడు. దాంతో అది చేసిన చాక్లెట్ కేక్ మధ్యలో కుంగింది. ముగ్గురం కలిసి ఆ గుంటలోంచే మొదలుపెట్టి తిన్నాం. "నేను వీగన్ అవ్వలేదు, కేక్ అయింది అంతే" అని అది ముందే స్పష్టం చేసింది.

పన్నెండు వారాలకి మళ్లీ పరీక్ష. ఎల్‌డీఎల్ 131. డాక్టరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి, మాత్ర ఇంకో ఆరు నెలలు ఆగొచ్చన్నారు. ఇంటికొచ్చి అక్కకి ఫోన్ చేద్దామనుకుని, "మొక్కల తిండి నా కొలెస్ట్రాల్‌ని 33 తగ్గించింది" అని మనసులో వాక్యం తయారుచేసుకుని, వెంటనే కొట్టేశాను. ఈ మూడు నెలల్లో నేను సాయంత్రం నడక మొదలుపెట్టాను, బయటి తిండి మానేశాను, మూడున్నర కిలోలు తగ్గాను. వాటిని తీసేసి జెండా పాతితే నాకూ ఆ నవ్వే డాక్టరుకీ తేడా ఏముంది? అక్కతో "తగ్గింది" అని మాత్రమే చెప్పాను.

ఇప్పుడు ఏడో నెల. కాఫీ ఓట్ పాలతోనే. ఇంట్లో గుడ్లు, చీజ్, వెన్నల్లో నా వాటా లేదు. పెరుగు ఆదివారాలు ఒక చిన్న గిన్నె, అందరి ముందు, పట్టపగలు, చెంచాతో. వీగన్ అని చెప్పుకునే అర్హత నాకు లేదని తెలుసు, అందుకే ఎవరైనా అడిగితే "దాదాపు" అంటాను.

పోయిన వారం అక్క వచ్చినప్పుడు పుస్తకం తిరిగిచ్చాను. అట్ట మీద కాఫీ మరక, లోపల పేజీ వదలకుండా పెన్సిల్ రాతలు, మార్జిన్లలో "ఆధారం?", "అతి", "ఇది నిజమే". తిరగేస్తూ కాసేపు ఏమీ అనలేదు.

"నువ్విచ్చినప్పుడు ఏ అధ్యాయం నచ్చిందే నీకు?" అని అడిగాను.

"నేనెక్కడ చదివాను? అట్ట బాగుందని కొన్నా" అంది.

నిన్న రాత్రి ఫోన్ చేసింది. సగం చదివిందట, పుస్తకం కాదు, నా పెన్సిల్ రాతలు మాత్రమే. "112వ పేజీలో పెరుగు అని మూడుసార్లు కింద గీత గీశావేమిటే?" అని అడుగుతూ మధ్యలో ఆగింది. చెంచా గిన్నెకి తగిలిన చప్పుడు నాకు ఫోన్లో స్పష్టంగా వినపడింది.